డిగ్రీ పిల్లలకు హెచ్ఐవీ పాఠం: గంటన్నరలో ఏం చెప్పాలి, ఎట్లా చెప్పాలి?

పెన్నాగట్టు (ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్, అనంతపురం)
అందరికీ నమస్కారం. ప్రపంచ ఎయిడ్స్ దినం, డిసెంబర్ 1, దగ్గర పడుతోంది. ర్యాలీ, వ్యాసరచన పోటీ, ఎర్ర రిబ్బన్ ఆకారంలో పిల్లల్ని నిలబెట్టి ఫోటో, ఇంతటితో ఈసారి ఆపదలచుకోలేదు. కాలేజీ పిల్లల హెచ్ఐవీ అవగాహన సంఘం రెడ్ రిబ్బన్ క్లబ్‌తో కలిసి 80 మందికి, 40 మంది చొప్పున రెండు బ్యాచ్‌లుగా పాఠం పెడుతున్నాం. ఒక్కో బ్యాచ్‌కి 90 నిమిషాలు. ఎక్కువ మంది మొదటి సంవత్సరం వాళ్లు, చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు. ప్రొజెక్టర్ ఉంది, కానీ కరెంటు పోయినా పాఠం ఆగకుండా నడవాలి.

నా ప్రశ్నలు ఇవీ: మొదట ఏం చెప్పాలి? కండోమ్ వాడే పద్ధతి చూపించాలా, నోటితో చెప్తే చాలా? పిల్లలు నోరు విప్పాలంటే ఏం చెయ్యాలి? కాలేజీలోనే రక్తపరీక్ష శిబిరం పెట్టొచ్చా?

కొండారెడ్డి బురుజు (ప్రభుత్వ హెచ్ఐవీ సలహా, పరీక్షా కేంద్రం 'ఐసీటీసీ' కౌన్సెలర్, కర్నూలు)
సార్, ముందు వైరస్ బొమ్మ, 1981లో అమెరికాలో మొదటి కేసులు, 1986లో మద్రాసులో మన దేశపు తొలి కేసులు, ఈ వరసలో మొదలుపెట్టకండి. పిల్లలు శ్రద్ధగా వినేది మొదటి పది నిమిషాలే. ఆ పది నిమిషాల్లో చెప్పాల్సినవి మూడు. ప్రమాదం జరిగిందనిపిస్తే 72 గంటల్లోపు మందు మొదలుపెట్టే వీలుంది. పరీక్ష ఉచితం, వివరాలు బయటికి పోవు. హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఏ వేళ ఫోన్ చేసినా డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ మూడూ బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి, ఆ తర్వాతే పాఠంలోకి పోండి.

72 గంటల సంగతి వివరంగా చెప్తా, చాలామంది లెక్చరర్లకు కూడా ఇందులో తికమక ఉంది. దీన్ని పెప్ అంటారు. వైరస్ ఒంట్లోకి వచ్చి ఉండొచ్చని అనుమానం ఉన్నప్పుడు, అది రక్తకణాల్లో స్థిరపడకముందే అడ్డుకోవడానికి వాడే మాత్రలు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, మొదటి రెండు గంటల్లో అయితే మరీ మంచిది. 72 గంటలు దాటాక మొదలుపెట్టి లాభం లేదు. మొదలుపెట్టాక 28 రోజులూ ఒక్క పూట తప్పకుండా వేసుకోవాలి. పది రోజులకు వికారం వస్తోందని మానేస్తే ఆ పది రోజుల మందూ వృథా. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి క్యాజువాల్టీకి గానీ, హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్‌కి గానీ పోవాలి. ఏఆర్టీ సెంటర్‌కి ఓపీ వేళలుంటాయి కాబట్టి రాత్రిపూట, ఆదివారం క్యాజువాల్టీయే దారి.

లైంగిక దాడి జరిగినవాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటు ఆసుపత్రైనా వెంటనే ఉచితంగా వైద్యం చెయ్యాలి, అది చట్టం. "ముందు పోలీసు కేసు పెట్టుకోని రాపో" అనే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. ఈ మాట ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఇద్దరికీ చెప్పండి.

మల్లెమొగ్గ (మహిళా డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, కడప)
పై మాటకు ఒకటి జోడిస్తాను. మందుల షాపులో దొరికే అత్యవసర గర్భనిరోధక మాత్రకూ 72 గంటల గడువే. పిల్లలు రెండింటినీ ఒకటే అనుకుంటారు. "ఆ మాత్ర వేసుకుంది కదా, హెచ్ఐవీ కూడా రాదులే" అనే ధీమా అక్కడి నుంచి పుడుతుంది. ఆ మాత్ర గర్భాన్ని మాత్రమే ఆపుతుంది. కాపర్ టీ అయినా, రోజూ వేసుకునే మాత్రలైనా అంతే. గర్భాన్నీ, హెచ్ఐవీనీ, మిగతా లైంగిక వ్యాధులనూ కలిపి అడ్డుకునేది కండోమ్ ఒక్కటే. బోర్డు మీద 72 అని రాసినప్పుడు దాని పక్కనే "ఇది గర్భనిరోధక మాత్ర కాదు" అని రాయండి సార్.

గండికోట (జువాలజీ లెక్చరర్, కడప)
ఎట్లా వస్తుంది, ఎట్లా రాదు అని రెండు పట్టికలు చదివిస్తే పరీక్షలో రాస్తారు, ఇంటికి పోయి మర్చిపోతారు. పట్టికలో లేని సంగతి ఎదురైతే బెదిరిపోతారు. దానికి బదులు మూడు ప్రశ్నలు నేర్పండి. ఏ ద్రవం? ఏ దారి? తాజాగా, చాలినంత ఉందా?

ద్రవాలు ఐదే: రక్తం, వీర్యం (ముందుగా వచ్చే జిగురు ద్రవంతో సహా), యోని స్రావం, మలద్వారపు స్రావం, తల్లిపాలు. ఉమ్మి, చెమట, కన్నీళ్లు, మూత్రం ఈ లెక్కలోకి రావు. దారి అంటే లోపలి పలుచని పొర, తెగిన చోటు, లేదా సూదితో నేరుగా రక్తనాళంలోకి. చెక్కుచెదరని బయటి చర్మం దారి కాదు. మూడోది మోతాదు. ఒంటి బయట ఆరిపోతే ఈ వైరస్ నిలవలేదు. కానీ సిరంజి లోపల మిగిలిన రక్తం గాలి తగలక ఆరదు, అందులో రోజుల తరబడి ఉండగలదు.

ఇప్పుడు మన ఊరి ఉదాహరణలు ఇచ్చి పిల్లలచేతే తేల్పించండి. హాస్టల్ మెస్‌లో ఒకే గ్లాసుతో మజ్జిగ తాగడం: ద్రవమే లేదు, ప్రశ్న అక్కడికే ముగిసింది. దోమ: మనిషిని కుట్టేటప్పుడు దోమ వదిలేది తన లాలాజలం, అంతకుముందు తాగిన రక్తం కాదు. తాగిన రక్తంలోని వైరస్ దోమ కడుపులో అరిగిపోతుంది, అక్కడ పెరగదు. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరిగి లాలాజలంలోకి చేరుతుంది, తేడా అదే. మలేరియా అందరికీ తెలుసు కాబట్టి ఈ పోలికతో దోమ సందేహం పూర్తిగా తీరిపోతుంది. తిరునాళ్లలో ఒకే సూదితో వరసగా పదిమందికి పచ్చబొట్టు: ద్రవం ఉంది, దారి ఉంది, తాజాగానూ ఉంది. ఇక్కడ హెచ్ఐవీ కంటే హెపటైటిస్ బి, సి ప్రమాదం ఇంకా ఎక్కువ. పల్లెలో ఇంజెక్షన్ వేయించుకునేటప్పుడు కొత్త సిరంజి కవరు మన కళ్లముందు చించితేనే చెయ్యి చాపాలి. మంగలి షాపులో బ్లేడు మార్చమని అడగడం మంచి అలవాటే, కానీ అక్కడ హెచ్ఐవీ సోకే అవకాశం చాలా తక్కువ. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. అన్నిటికీ ఒకేలా భయపెడితే అసలు ప్రమాదం ఏదో పిల్లలకు తెలియకుండా పోతుంది.

ఎర్రనేల (రెడ్ రిబ్బన్ క్లబ్ పీర్ ఎడ్యుకేటర్, అనంతపురం)
సార్, పిల్లోళ్లు నోరు విప్పాలంటే చీటీలే దారి. కానీ పెట్టె ఒకటి మూలకి పెట్టి "సందేహాలుంటే వెయ్యండి" అంటే ఎవరూ వెయ్యరు. పెట్టె దగ్గరికి లేసిపోయినోని మొగమే అందరూ చూస్తాంటారు. అందరికీ ఒకే కొలత కాగితం ముక్క, అందరికీ పెన్సిలు ఇయ్యల్ల. అడిగేది లేనోళ్లు కూడా "ప్రశ్న లేదు" అని రాసి నాలుగు మడతలు మడిచి వెయ్యల్ల. అప్పుడు ఎవరు అడిగినారు, ఎవరు అడగలేదు తెలీదు.

ఇంకోటి, చీటీలు పిల్లోళ్లచేత చదివించొద్దు. చేతిరాత గుర్తుపట్టేస్తారు. మీరే చదవల్ల, క్లాసు అయినంక మీరే చించెయ్యల్ల. చీటీలో బూతు మాట ఉంటే తిట్టొద్దు సార్. వానికి ఆ మాట తప్ప వేరే మాట తెలీదు. మీరు మర్యాద మాటలోకి మార్చి చదివితే, ఆ మాట ఎట్ల అనల్లనో కూడా నేర్చుకుంటారు.

పెన్నాగట్టు
పెన్సిలు సంగతి నాకు తట్టలేదు తమ్ముడూ, రాసుకున్నాను. చీటీలు ఎప్పుడు వేయించాలి? మొదట్లోనా, చివర్లోనా?

ఎర్రనేల
రెండు తూర్లు సార్. వచ్చి కూర్చున్న అయిదు నిమిషాలకి ఒక తూరి, సగం క్లాసు అయినంక ఇంకో తూరి. మొదట వచ్చేవన్నీ దోమలు, ముద్దులు, ఒకే బాత్రూము, ఇట్లాటివే. రెండో తూరి వచ్చేవే నిజమైన ప్రశ్నలు.

గండికోట
కరెంటు లేకున్నా నడిచే ఆట ఒకటి చెప్తాను. కొన్ని చోట్ల ఫినాఫ్తలీన్‌తో చేస్తారు, మన వంటింటి పసుపుతోనూ అవుతుంది. ఉతుకుడు సోడా కలిసిన నీళ్లలో పసుపు పడితే ఎర్రగా మారుతుంది, మామూలు నీళ్లలో పచ్చగానే ఉంటుంది.

40 మందికి 150 మిల్లీలీటర్ల కాగితం కప్పులు 40. ప్రతి కప్పులో 50 మిల్లీలీటర్ల నీళ్లు. ఒక్క కప్పులో మాత్రం ముందే ఒక టీస్పూను ఉతుకుడు సోడా పూర్తిగా కరిగించి ఉంచాలి. కప్పులు సగం దాకా నింపొద్దు, కలిపేటప్పుడు పొర్లిపోతాయి. పసుపు నీళ్లతో సరిగా కలవదు కాబట్టి 100 మిల్లీలీటర్ల సర్జికల్ స్పిరిట్‌లో రెండు టీస్పూన్లు వేసి కలిపి, పది నిమిషాలు కదపకుండా ఉంచి, పైన తేరిన పచ్చటి ద్రవాన్ని వంచుకోవాలి. కప్పుకు 20 చుక్కలు చాలు. స్పిరిట్ దగ్గర అగ్గిపుల్ల, దీపం ఉండకూడదు.

ఆట: ప్రతి ఒక్కరూ ముగ్గురు వేర్వేరు మనుషులతో నీళ్లు కలపాలి. ఒకరి కప్పు పూర్తిగా రెండోవాళ్ల కప్పులో పోసి, మళ్లీ సగం వెనక్కి పోసుకోవాలి. ఇద్దరికి ముందే "ఎవరితోనూ కలపను" అని చీటీ ఇవ్వండి. ఇంకో ఇద్దరి కప్పులకు పాలిథిన్ కాగితం కట్టి రబ్బరు బ్యాండు వేయండి, వాళ్లు కప్పుకు కప్పు తాకిస్తారు, నీళ్లు కలవవు. మూడు విడతలయ్యాక అందరి కప్పుల్లో పసుపు చుక్కలు వేస్తే ఒక్క కప్పుతో మొదలైంది ఎనిమిది దాకా ఎర్రబడుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. మూత కట్టినవీ, కలపనివీ పచ్చగానే ఉంటాయి. సోడా మూడు విడతల్లో ఎనిమిదో వంతుకు పలుచబడినా పసుపును ఎర్రగా మార్చే బలం తగ్గదు.

మన సీమలో ఈ ఆట చెడిపోయేది ఒకచోటే: బోరు నీళ్లు. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లలో సోడా వేస్తే తెల్లగా విరిగినట్టవుతుంది. ఏ కప్పులో తేడా ఉందో పిల్లలు ఆట మొదలవకముందే పట్టేస్తారు. చూసి ఎవరూ చెప్పలేరన్నదే ఈ ఆటలో పాఠం కాబట్టి, అది పోతే ఆటే పోయింది. కొన్ని బోర్ల నీళ్లు వాటంతటవే పసుపును కొంచెం ఎర్రబారుస్తాయి కూడా. అందుకే క్యాన్ నీళ్లు వాడండి, రెండు లీటర్లు చాలు. ముందురోజు రెండు కప్పులతో పరీక్షించుకోండి.

ఆ నీళ్లు ఎవరూ నోట్లో పోసుకోకూడదని మొదటే గట్టిగా చెప్పండి. కంట్లో పడితే మంచినీళ్లతో బాగా కడగాలి.

కొండారెడ్డి బురుజు
ఆట బాగుంది సార్. రెండు జాగ్రత్తలు. సోడా కప్పు ఎవరికి పోయిందో మీక్కూడా తెలియకుండా కలిపేసి పంచండి. "మొదటి కప్పు ఎవరిది?" అని వెతికే పని మాత్రం పెట్టుకోకండి. పిల్లలు అదే అడుగుతారు. అప్పుడు "అది తెలుసుకోని ఏం చేస్తాం? మన కప్పు సంగతి ఏంది, అది తెలుసుకునేదెట్లా?" అని పరీక్ష వైపు తిప్పాలి. రెండోది, కలిపిన ప్రతిసారీ ఎర్రబడడం ఆటలోనే. బయట ప్రతి కలయికలోనూ సోకుతుందని కాదు, అట్లని ఒక్కసారికే సోకదని నమ్మకం కూడా లేదు. ఇది నోటితో చెప్పకపోతే తప్పు అభిప్రాయంతో లేచిపోతారు.

శిలాతోరణం (ఏఆర్టీ సెంటర్ స్టాఫ్ నర్సు, కర్నూలు)
ఈ చర్చలో ఇంకా ఎవరూ అనని మాట ఒకటుంది. మీ 40 మందిలో హెచ్ఐవీతో జీవిస్తున్న పిల్లో పిల్లాడో ఉండొచ్చు. పుట్టుకతో వైరస్ వచ్చిన పిల్లలు మన జిల్లాల్లో ఉన్నారు. 2004 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఉచిత ఏఆర్టీ మందులు మొదలయ్యాయి, ఆ మందులతో పెరిగి పెద్దై ఇప్పుడు డిగ్రీలు చదువుతున్నారు. ప్రతి మాటా వాళ్లు ముందు బెంచీలో కూర్చుని వింటున్నారని అనుకుని మాట్లాడండి.

అందుకే "ఎయిడ్స్ రోగి", "ఎయిడ్స్ అంటే మరణమే", "తప్పు చేసినవాళ్లకు వస్తుంది" అనే మాటలు వద్దు. పుర్రె, ఎముకల బొమ్మలు వద్దు. హెచ్ఐవీ అంటే వైరస్, ఎయిడ్స్ అంటే మందు లేక ఆ వైరస్ ముదిరిన దశ. జబ్బులతో పోరాడే సీడీ4 రక్తకణాల సంఖ్య 200 కంటే తగ్గినా, టీబీ లాంటి కొన్ని పెద్ద జబ్బులు పట్టుకున్నా ఆ దశ అంటారు. మందు వాడుతున్న మనిషి ఆ దశకు చేరకుండానే నిండు జీవితం బతకొచ్చు.

ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది రోజుకు ఒకే మాత్ర. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు, మూడూ అందులోనే ఉంటాయి. 2017 నుంచి సీడీ4 ఎంతున్నా సరే, పాజిటివ్ అని తేలగానే మందు మొదలుపెడుతున్నారు. ఆరు నెలలకు వైరల్ లోడ్ పరీక్ష, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష, చేస్తారు. మందు సరిగా వేసుకుంటే వైరస్ పరీక్షకు కూడా దొరకనంత తగ్గిపోతుంది. అట్లా తగ్గి నిలిచినవాళ్ల నుంచి కలయిక ద్వారా ఇతరులకు సోకదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే పిల్లల ముఖాలు మారిపోతాయి, పరీక్షకు పోవాలంటే ఉన్న భయం సగం తగ్గుతుంది. గర్భిణికి సమయానికి మందు మొదలై, పుట్టిన బిడ్డకు కొన్ని వారాలు చుక్కల మందు పడితే బిడ్డకు సోకే అవకాశం 5 శాతం కంటే తగ్గుతుంది. ఏ మందూ లేకపోతే అది 15 నుంచి 45 శాతం.

మల్లెమొగ్గ
శిలాతోరణం అక్కా, ఈ మాట ప్రతి స్టాఫ్ రూములో అతికించాలి. మన ఊళ్ల గోడల మీద ఒకప్పుడు "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న ప్రచార ప్రశ్న చదివి పెరిగిన తరం మనది. ఆ ప్రశ్న అందరిచేతా ఎయిడ్స్ పేరు పలికించింది. ఇప్పటి పిల్లలకు పేరు తెలుసు, మందు ఉందని తెలియదు.

తుంగభద్ర (ల్యాబ్ టెక్నీషియన్, కర్నూలు)
పరీక్ష గురించి. పిల్లలు ఎక్కువగా పొరబడేది రోజుల లెక్కలో. సోమవారం అనుమానం, శనివారం పరీక్ష, నెగటివ్ వచ్చింది, ఊపిరి పీల్చుకున్నారు. ఆ నెగటివ్‌కు అర్థం లేదు. ఐసీటీసీలో వాడే ర్యాపిడ్ కిట్లు చూసేది వైరస్‌ని కాదు, వైరస్ మీద మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలని. అవి కిట్‌కు దొరికేంత పెరగడానికి వారాలు పడుతుంది. దీన్నే విండో పీరియడ్ అంటాం. ఆ రోజుల్లో పరీక్ష నెగటివ్ చూపించినా, సోకి ఉంటే ఇతరులకు అంటించే శక్తి మాత్రం బాగా ఎక్కువగా ఉంటుంది.

బోర్డు మీద గీత గీయండి. సున్నా రోజు, 72 గంటలు, 6 వారాలు, 3 నెలలు. సున్నా దగ్గర ఒక పరీక్ష, అది అంతకుముందు సంగతి చెప్తుంది. 6 వారాల దగ్గర ఒకటి. 3 నెలల దగ్గర చివరిది. ఈ మధ్యలో కొత్తగా ప్రమాదం లేకుండా 3 నెలల నాటికి నెగటివ్ వస్తే మనసు కుదుటపడొచ్చు. పెప్ వాడినవాళ్లకు డాక్టరు చెప్పిన తేదీల ప్రకారం పోవాలి.

పాజిటివ్ అని ఒక్క కిట్‌తో ఎవరూ చెప్పరు. మొదటి కిట్‌లో గీత వస్తే, వేరే రకం కిట్లు ఇంకో రెండిటితో చూసి, మూడూ ఒకటే చెప్తేనే పాజిటివ్ అంటాం. శిబిరాల్లో, ప్రైవేటు ల్యాబుల్లో ఒక్క కిట్ మీద వచ్చిన గీతతో పిల్లలు కుంగిపోకూడదు, ఐసీటీసీకి వచ్చి తేల్చుకోవాలి. కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల్లోనే కాదు, ఆదోని, గుంతకల్లు, ప్రొద్దుటూరు లాంటి ఊళ్ల ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఐసీటీసీలున్నాయి.

పరీక్ష కోసం రక్తదానం చెయ్యడం పెద్ద తప్పు. దానమిచ్చిన ప్రతి సీసానూ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియాలకు పరీక్షిస్తారు నిజమే. కానీ విండో పీరియడ్‌లో ఉన్న రక్తం పరీక్షకు దొరక్కుండా పోవచ్చు, దాన్ని ఎక్కించుకున్న మనిషికి సోకుతుంది. అనుమానం ఉన్నవాళ్లు దానం చెయ్యకూడదు. అట్లని రక్తం ఇస్తే హెచ్ఐవీ వస్తుందని కాదు. సూదీ, సంచీ కొత్తవి, ఒకరికి వాడి పారేసేవి. 18 నిండి, 45 కిలోలున్న ఆరోగ్యవంతులు నిశ్చింతగా ఇవ్వొచ్చు.

న్యాయదీపం (అడ్వకేట్, కడప)
పెన్నాగట్టు సార్ చివరి ప్రశ్నకు జవాబు. శిబిరం పెట్టొచ్చు, కానీ పిల్లల్ని వరసలో నిలబెట్టి అందరికీ రక్తం తీయించడం కుదరదు. హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. విషయం వివరించి, మనిషి ఒప్పుకున్నాకే పరీక్ష. ముందూ వెనకా కౌన్సెలింగ్ ఉండాలి. ఫలితం ఆ మనిషికే చెప్పాలి, ప్రిన్సిపాల్‌కి గానీ, క్లాస్ టీచర్‌కి గానీ, తల్లిదండ్రులకు గానీ పంపకూడదు. 18 నిండని పిల్లలకు మాత్రం సంరక్షకుల ఒప్పుదల కావాలి. మొదటి సంవత్సరంలో 17 ఏళ్లవాళ్లు ఉంటారు, ఇది మర్చిపోవద్దు.

పాజిటివ్ అని సీటు నిరాకరించడం, హాస్టల్ ఖాళీ చేయించడం, వేరుగా కూర్చోబెట్టడం చట్టప్రకారం నిషేధం. హెచ్ఐవీ ఉన్నవాళ్ల మీద ద్వేషం రేపేలా రాసినా, ప్రచారం చేసినా 3 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. వాట్సాప్ గ్రూపులో "ఫలానావాడికి ఉందంట" అని పెట్టడం సరదా కాదని ఈ వయసు పిల్లలకు చెప్పాలి.

నా సలహా: కాలేజీలో పాఠం చెప్పండి, పరీక్ష ఐసీటీసీలోనే జరగనివ్వండి. కాలేజీలో శిబిరం పెడితే ఎవరు టెంట్‌లో ఎక్కువసేపు కూర్చున్నారన్నదే సాయంత్రానికి కబురవుతుంది.

పెన్నాగట్టు
శిబిరం ఆలోచన మానుకున్నాను. ఇక కండోమ్ సంగతి. చూపించడానికి ప్రిన్సిపాల్ గారు వెనకాడుతున్నారు. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఉన్న క్లాసు.

మల్లెమొగ్గ
ఈ ఒక్క 20 నిమిషాలూ విడివిడి గదుల్లో పెట్టండి. ఆడపిల్లల గదిలో అధ్యాపకురాలో, మహిళా కౌన్సెలరో ఉండాలి. మిగతా 70 నిమిషాలు కలిపే.

గండికోట
మేడం, విడదీస్తే ఆడపిల్లల గదిలో సగం చెప్పి "మిగతాది మీకు అవసరం లేదు" అనేస్తారని నా భయం.

మల్లెమొగ్గ
ఆ భయం నిజమే సార్. అందుకే రెండు గదుల్లోనూ అదే కండోమ్ పెట్టె, అదే నమూనా, అవే మెట్లు ఉండాలి. కండోమ్ సరిగా ఉందో లేదో చూడడం, "అది లేకుంటే వద్దు" అని చెప్పడం ఆడపిల్లలకూ రావాలి. ప్రిన్సిపాల్ గారికి ముందే రాతపూర్వకంగా పాఠం వివరం ఇచ్చి, ఐసీటీసీ కౌన్సెలర్‌ని ఆసుపత్రి తరఫున పిలిపిస్తే అభ్యంతరం తగ్గుతుంది. కాలేజీ చెప్తోందని కాకుండా ఆరోగ్యశాఖ చెప్తోందని అవుతుంది.

కొండారెడ్డి బురుజు
తొడిగి చూపించడానికి అరటిపండు వద్దు సార్. నవ్వులు మొదలైతే పాఠం పోతుంది, పైగా అవయవం పేరు చెప్పడానికి మనమే సిగ్గుపడుతున్నామని పిల్లలకు అర్థమైపోతుంది. ఐసీటీసీలో చెక్క నమూనా ఉంటుంది, ముందే అడిగి తెచ్చుకోండి.

మెట్లు చెప్తా, చేతులతో చేస్తూ చెప్పండి. ముందు కవరు మీద గడువు తేదీ చూడాలి. తర్వాత కవరును బొటనవేలితో నొక్కాలి, లోపల గాలి బుడగ తగలాలి. తగలకపోతే ఎక్కడో చిల్లుంది, పారెయ్యాలి. కండోమ్‌ని ఒక పక్కకు జరిపి, రెండో పక్క అంచును వేళ్లతో చించాలి. పళ్లతో, కత్తెరతో కాదు. చుట్ట బయటివైపు ఉందో లేదో చూసుకుని, అంగం గట్టిపడ్డాకే, ఏ తాకిడికైనా ముందే పెట్టాలి. కొన దగ్గర వేళ్లతో నొక్కి పట్టుకుని మొదలుదాకా విప్పాలి. ఆ నొక్కు ఎందుకంటే, కొనలో గాలి మిగిలితే వీర్యానికి చోటుండదు, ఒత్తిడికి పగులుతుంది. తిరగేసి పెట్టి విప్పబోతే కిందికి దిగదు. అప్పుడు మళ్లీ తిప్పి అదే వాడతారు, అక్కడే తప్పు. కొనకు అప్పటికే జిగురు ద్రవం అంటి ఉంటుంది. దాన్ని పారేసి కొత్తది తియ్యాలి. అయిపోయాక మెత్తబడకముందే మొదట్లో అంచు పట్టుకుని బయటికి తియ్యాలి, లేకుంటే జారి లోపలే ఉండిపోతుంది. ముడి వేసి, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వెయ్యాలి, లెట్రిన్‌లో కాదు.

చిరిగిపోవడానికి ఇంకా కారణాలు చెప్పండి. కొబ్బరినూనె, వేరుశనగ నూనె, వ్యాజలీన్ ఏది రాసినా లేటెక్స్ నిమిషాల్లో బలహీనపడుతుంది. నీటితో చేసిన జెల్లీ అయితే పనికొస్తుంది. రెండు వేసుకుంటే రెట్టింపు భద్రత అనుకుంటారు, ఒకదానికొకటి రాసుకుని రెండూ చిరుగుతాయి. మన ఎండలు ఎరుగుదురు. ఏప్రిల్, మే నెలల్లో బండి ట్యాంకు కవరులో, సీటు కింద, ప్యాంటు వెనక జేబు పర్సులో వారాల తరబడి పెట్టుకున్నది వేడికి పాడవుతుంది.

ఎర్రనేల
ఒక్కొక్కరికి చేతికిచ్చి నమూనా మీద చేయించల్ల సార్. చూసినదానికీ చేసినదానికీ చానా తేడా. 20 మందికి ఒక నమూనా ఉంటే టైము సరిపోదు, గదికి నాలుగు తెచ్చుకోండి. అయిదుగురికి ఒకటి.

పెన్నాగట్టు
ఇంకో సందేహం. ఇది స్వలింగ సంబంధాలవాళ్లకే వస్తుందా, లారీ డ్రైవర్లకే వస్తుందా అని తప్పక అడుగుతారు.

గండికోట
మనుషుల గుంపులను బట్టి కాదు, చేసే పనిని బట్టి అని చెప్పండి. మలద్వార సంభోగంలో ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అక్కడి లోపలి పొర చాలా పలుచన, సులువుగా చిట్లుతుంది. అది మగవాళ్ల మధ్యైనా, ఆడా మగా మధ్యైనా అంతే. నోటితో చేస్తే ప్రమాదం చాలా తక్కువ, పూర్తిగా లేదని కాదు. చివరి క్షణంలో బయటికి తియ్యడం రక్షణ కాదు. సిఫిలిస్ లాంటి పుండు ఉంటే హెచ్ఐవీకి దారి ఇంకా సులువవుతుంది. మంట, పుండు, చీము ఉంటే సిగ్గుపడి ఆర్ఎంపీ దగ్గరికి పోకుండా ప్రభుత్వాసుపత్రి సురక్ష క్లినిక్‌కి పోవాలి. లారీ డ్రైవర్లు, వలసకూలీలు అని పేరు పెట్టి చెప్పొద్దు. మీ క్లాసులో వాళ్ల పిల్లలే ఉంటారు. మిరప కోతలకు గుంటూరుకూ, కూలికి బెంగళూరుకూ పోయిన అమ్మానాన్నల పిల్లలు తలదించుకునే పాఠం మనకొద్దు.

శిలాతోరణం
"చూస్తే తెలుస్తుందా?" అని కూడా అడుగుతారు. తెలీదు. సోకిన రెండు నాలుగు వారాలకు కొందరికి జ్వరం, ఒళ్లునొప్పులు, దద్దుర్లు వచ్చి తగ్గిపోతాయి, మామూలు జ్వరమే అనుకుంటారు. ఆ తర్వాత మందు లేకున్నా ఎనిమిది పదేళ్లు ఏ లక్షణమూ లేకుండా ఉండొచ్చు.

పెన్నాగట్టు
రెండో విడత చీటీలో "నిన్న రాత్రి ఇట్లా జరిగింది, ఏం చెయ్యాలి" అని వస్తే? రాసింది ఎవరో నాకు తెలీదు. అడగనూ కూడదు.

కొండారెడ్డి బురుజు
వస్తుంది సార్, అట్లాంటి చీటీ తప్పకుండా వస్తుంది. అది చదివి వినిపించొద్దు, పక్కవాళ్లు లెక్కలు వేసుకుంటారు. ఆ చీటీ రాలేదన్నట్టే ఉండి, అందరికీ చెప్తున్నట్టు 72 గంటల సంగతి ఇంకోసారి మొదటినుంచీ చెప్పండి. ఎక్కడికి పోవాలి, ఏ తలుపు దగ్గర అడగాలి, క్యాజువాల్టీలో "పెప్ మందు కావాలి" అంటే చాలు, కథంతా చెప్పుకోనక్కర్లేదు. ఈ సంగతి మొదటి పది నిమిషాల్లో పెట్టమన్నది ఇందుకే. ఆ పిల్ల గానీ పిల్లాడు గానీ చీటీ రాసేసరికే కొన్ని గంటలు గడిచి ఉంటాయి, సగంలో లేచి బస్సుకు పోయినా ఆ మాట చెవిన పడి ఉండాలి.

ఇంకొక్కటి. క్లాసు అయిపోగానే బోర్డు తుడవకండి. 72 గంటలు, ఆసుపత్రి పేరు, 1097, ఈ మూడు వరసలూ మర్నాడు పొద్దున దాకా అట్లే ఉంచండి. గదికి తాళం వెయ్యొద్దు. అందరూ పోయాక ఒక్కరే వెనక్కి వచ్చి సెల్లులో ఫోటో తీసుకునే పిల్లలు ఉంటారు.